చేతుల లోషన్‌లోని ఐసోప్రొపైల్ మిరిస్టేట్ గురించి ముగ్గురు మూడు మాటలు చెప్పారు, ఏది నమ్మాలి?

ప్రశ్న: పెరటిమందారం (గుంటూరు)

మా అమ్మకు ఏటా కార్తీకం వచ్చేసరికి వేళ్ల చివర్లు పగిలి, గిన్నెలు తోమేటప్పుడు నీళ్లు తగిలితే చాలు మంటపుడతాయి. ఈసారి మా వీధి చివరి మందుల షాపులో అడిగితే ఒక లోషన్ ఇచ్చారు. పదిహేను రోజులు రాత్రిపూట రాసుకునేసరికి పగుళ్లు చాలావరకు పూడిపోయాయి కాబట్టి అమ్మ విషయంలో నాకు ఆ లోషన్ మీద ఫిర్యాదు ఏమీ లేదు. చిక్కల్లా పదో తరగతి చదువుతున్న మా అమ్మాయితో వచ్చింది. అది కూడా అదే సీసాలోంచి తీసుకొని రోజూ పొద్దున్నే ముఖానికి రాసుకోవడం మొదలుపెట్టింది. మూడు వారాలు గడిచేసరికి నుదుటి మీద, ముఖ్యంగా జుట్టు మొదలయ్యేచోట, ఆవగింజల్లాంటి పొక్కులు వరసగా లేచాయి. అవి ఎర్రగా లేవు, నొప్పీ లేదు. చేత్తో తడిమితే మాత్రం బొంబాయి రవ్వ అద్దినట్టు గరుగ్గా తగులుతున్నాయి.

సీసా వెనుక అక్షరాలు మరీ చిన్నవి కావడంతో ఫోన్‌తో ఫొటో తీసి, పెద్దది చేసుకొని చదివాను. వరుస ఇలా ఉంది: నీరు, లైట్ లిక్విడ్ పారాఫిన్, ఐసోప్రొపైల్ మిరిస్టేట్, గ్లిజరిన్, సెటోస్టియరిల్ ఆల్కహాల్, గ్లిజరిల్ మోనోస్టియరేట్, డైమెథికోన్, ఫినాక్సీఇథనాల్, పరిమళం. మూడో పేరు గురించి ఆరా తీస్తే మూడు రకాల జవాబులు దొరికాయి. ఆస్పత్రిలో డ్రెస్సింగ్ గదిలో పనిచేసి రిటైరైన మా బాబాయి, ఐసోప్రొపైల్ అంటే సూది వేసే ముందు తుడిచే స్పిరిటేనని, అది చర్మాన్ని ఎండగొడుతుందని అన్నారు. షాపు ఆయన, అది కొబ్బరినూనెలోంచి తీసినదే కాబట్టి దిగులు అక్కరలేదన్నారు. మా అమ్మాయి అయితే ఇంటర్నెట్‌లో ఒక పట్టిక చూపించి, చర్మరంధ్రాలను మూసేయడంలో దీనికి అయిదుకు అయిదు మార్కులున్నాయని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఈ మూడింటిలో ఏది నిజం? సీసా పారేయమంటారా? ఈ పదార్థం అసలు ఏమిటో, ఎందుకు కలుపుతారో తెలిసినవారు వివరంగా రాయగలరు.

సమాధానం: క్రీముబట్టీ (హైదరాబాద్)

మందారం గారూ, ముగ్గురి మాటల్లోనూ కొంత నిజం ఉంది, కానీ ముగ్గురూ దాన్ని కొంత దూరం ఎక్కువ లాగారు. నేను పద్దెనిమిదేళ్లుగా క్రీములు, లోషన్లు తయారుచేసే పనిలో ఉన్నాను. మా దగ్గర దీన్ని ఎవరూ పూర్తి పేరుతో పిలవరు, ఐపీఎం అంటారు. నేనూ ఇక్కడ అలాగే రాస్తాను.

పేరును రెండుగా విడదీస్తే సగం అనుమానం తీరుతుంది. మిరిస్టేట్ అన్న మాట మిరిస్టిక్ ఆమ్లం నుంచి వచ్చింది. ఆ ఆమ్లానికి పేరు తెచ్చింది మనం బిర్యానీ మసాలాలో వేసే జాజికాయ. జాజికాయ చెట్టు శాస్త్రీయ నామం మిరిస్టికా ఫ్రాగ్రెన్స్; లైయన్ ప్లేఫెయిర్ అనే రసాయన శాస్త్రవేత్త 1841లో జాజికాయ కొవ్వులోంచే ఆ ఆమ్లాన్ని వేరుచేశాడు. (ఆయన స్కాట్లండ్ కుటుంబానికి చెందినవాడే అయినా పుట్టింది గంగ ఒడ్డున ఉన్న చునార్‌లో.) అయితే పరిశ్రమ అవసరాలకు జాజికాయ ఖరీదు గిట్టుబాటు కాదు. కొబ్బరినూనెలోని కొవ్వు ఆమ్లాల్లో దాదాపు 18 శాతం, పామ్ గింజల నూనెలో దాదాపు 16 శాతం మిరిస్టిక్ ఆమ్లమే ఉంటుంది కాబట్టి దాన్ని వాటి నుంచి తీస్తారు. ఐసోప్రొపైల్ అన్న రెండో సగం మీ బాబాయి గారు చెప్పిన స్పిరిట్టే, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్. అది ఎక్కువగా పెట్రోలియం నుంచి వచ్చే ప్రొపిలీన్‌తో తయారవుతుంది. ఈ రెండింటినీ ఒక ఆమ్ల ఉత్ప్రేరకంతో (చర్యను వేగం చేసే పదార్థంతో) కలిపి వేడిచేస్తే ఎస్టర్ అనే కొత్త పదార్థం, నీరు ఏర్పడతాయి. లెక్కలో చెప్పాలంటే 228 గ్రాముల మిరిస్టిక్ ఆమ్లం, 60 గ్రాముల ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిస్తే 270 గ్రాముల ఐపీఎం, 18 గ్రాముల నీరు వస్తాయి. ఆ నీటిని ఎప్పటికప్పుడు బయటికి తీయకపోతే చర్య మధ్యలోనే నిలిచిపోతుంది. తయారీలో శ్రమంతా అక్కడే ఉంటుంది.

కాబట్టి షాపు ఆయన చెప్పింది మూలపదార్థం వరకు సరైనదే కావచ్చు, కానీ కొబ్బరినూనెను ఎంత వడగట్టినా అందులోంచి ఐపీఎం రాదు, అది కర్మాగారంలో కూర్చిన పదార్థమే. అలా కూర్చడం తప్పేమీ కాదని నా అభిప్రాయం. సహజం అని చెప్పి అమ్మడమే నాకు నచ్చదు. ఇక మీ బాబాయి గారి భయం గురించి. పసుపులో సున్నం కలిపిన పారాణిలో పసుపు రంగును వెతికితే ఎలా దొరకదో, ఎస్టర్‌గా మారిన తరువాత స్పిరిట్ గుణాలు కూడా అలాగే కనిపించవు. స్పిరిట్ 82 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, అరచేతిలో పోస్తే క్షణాల్లో చల్లగా ఎగిరిపోతూ చర్మం మీది నూనెను కూడా కొంత ఊడ్చుకుపోతుంది. ఐపీఎం అలా ఎగిరిపోదు, నూనెలాగే చర్మం మీద నిలుస్తుంది. అదే జాబితాలో ఉన్న సెటోస్టియరిల్ ఆల్కహాల్ చూసి కూడా బాబాయి గారు కంగారుపడే అవకాశం ఉంది. అది మైనం తునకల్లా ఉండే తెల్లని ఘనపదార్థం, లోషన్‌కు చిక్కదనం ఇవ్వడానికి వేస్తారు.

ఎందుకు కలుపుతారన్నది మాటల్లో కంటే కంటితో చూస్తే బాగా తెలుస్తుంది. మా దగ్గర కొత్తగా చేరిన పిల్లలకు నేను మొదట చేయించే పని ఇది: ఒక గాజు పలక మీద పక్కపక్కనే మూడు చుక్కలు, అంటే ఆముదం, కొబ్బరినూనె, ఐపీఎం వేసి, పలకను గోడకు వాలుగా ఆనించమంటాను. ఐపీఎం నీటిచుక్క లాగా గీత గీసుకుంటూ కింది అంచుకు చేరిపోతుంది. కొబ్బరినూనె కాసేపు ఆలోచించి దిగుతుంది. మేము టీ తాగి వచ్చేసరికి కూడా ఆముదం సగం దూరం దాటదు. చిక్కదనాన్ని కొలిచే లెక్కలో నీరు సుమారు 1 అనుకుంటే ఐపీఎం 5 నుంచి 6, ఆముదం కొన్ని వందలు. ఇంత పలచనిది కాబట్టి చర్మం మీద గబగబా పరుచుకుంటుంది, తనతోపాటు ఉన్న బరువైన నూనెలను కూడా పలచబరుస్తుంది. లోషన్ రాసుకున్నాక చెయ్యి నున్నగా ఉండి కూడా జిడ్డుగా అనిపించకపోవడానికి కారణం ఇదే. మీ సీసాలో పారాఫిన్ పక్కనే దీన్ని పెట్టింది కూడా అందుకే అయి ఉంటుంది.

ఇంకో విశేషం ఏమిటంటే, మిరిస్టిక్ ఆమ్లం విడిగా ఉన్నప్పుడు 54 డిగ్రీల దగ్గర కరిగే గడ్డ. ఐసోప్రొపైల్ తోక తగిలించాక ఆ గడ్డ కాస్తా 5 డిగ్రీల దాకా చల్లబరిచినా ద్రవంగానే ఉంటుంది. కొమ్మలు ఉన్న ఆ చిన్న తోక అణువులను ఒకదాని మీద ఒకటి సర్దుకోనివ్వదు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది కాబట్టి ఆదిలాబాద్ వైపు చలికాలం ఉదయాన సీసాను నిప్పుల దగ్గర పెట్టవలసి వస్తుంది. ఐపీఎంకు ఆ అవస్థ ఉండదు. పైగా దీని అణువులో ద్విబంధాలు (గాలి తగిలి నూనె పాడవడానికి దారిచ్చే జంట బంధాలు) లేవు, ముడిసరుకు పరీక్షల్లో ఆ బంధాలను లెక్కగట్టే అయోడిన్ విలువ 1 దాటకూడదన్న నియమం అందుకే. ఫలితంగా నువ్వులనూనెలా నెలలు గడిచేకొద్దీ కనరు వాసన రాదు.

నా అంచనా ప్రకారం మీ సీసాలో ఇది 3 నుంచి 6 శాతం మధ్య ఉండవచ్చు. చేతులకు నిశ్చింతగా వాడుకోండి. ముఖం సంగతి డాక్టర్లు చెప్పాలి.

సమాధానం: పరీక్షనాళిక (హైదరాబాద్)

క్రీముబట్టీ గారి వివరణ బాగుంది, అయితే ఒక్కచోట ఆయన తొందరపడ్డారు. లేబుల్ మీద మూడో స్థానాన్ని చూసి శాతం చెప్పడం కష్టం. మన దేశంలో 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం 1 శాతం కంటే ఎక్కువ ఉన్న పదార్థాలను పరిమాణం తగ్గే క్రమంలో రాయాలి, 1 శాతం, అంతకు తక్కువ ఉన్నవాటిని ఆ తరువాత ఏ వరుసలోనైనా రాసుకోవచ్చు. గ్లిజరిన్ కంటే ముందు ఉంది కాబట్టి ఐపీఎం నామమాత్రంగా కలిపినది కాకపోవచ్చు, అంతవరకు నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ గ్లిజరిన్ 5 శాతమా, 2 శాతమా అన్నది తయారీదారుకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

నేను ఒక మందుల కర్మాగారంలో సూక్ష్మజీవుల పరీక్షల విభాగంలో పనిచేస్తాను. మాకు ఐపీఎం సౌందర్య సాధనం కాదు, పనిముట్టు. పెట్రోలియం జెల్లీతో చేసే కంటి ఆయింట్‌మెంట్‌లో సూక్ష్మజీవులు ఏవీ లేవని నిర్ధారించాలంటే దాన్ని 0.45 మైక్రాన్ల రంధ్రాలున్న పొర గుండా వడగట్టాలి. జెల్లీ ఆ పొర గుండా దిగదు కదా. అందుకని ముందుగా వడపోతతో శుద్ధిచేసిన ఐపీఎంలో ఆ ఆయింట్‌మెంట్‌ను 1 శాతంగా కరిగిస్తాం, అవసరమైతే 40 డిగ్రీలు మించకుండా, మరీ తప్పనిసరి అయితే 44 డిగ్రీల వరకు వేడిచేస్తాం. తెల్లగా మందంగా ఉన్న ముద్ద చూస్తుండగానే విడిపోయి స్వచ్ఛమైన ద్రవంగా మారిపోతుంది. ఆ ద్రవం పొర దాటి వెళ్లిపోతుంది, బాక్టీరియా ఏమైనా ఉంటే పొర మీదే మిగులుతుంది. ఆ తరువాత పొరను కనీసం మూడుసార్లు కడిగి, పోషక ద్రావణంలో 14 రోజులు ఉంచి గమనిస్తాం.

కొవ్వును ఇంత సులువుగా కరిగించే గుణం ఎంత పనికొస్తుందో, అంత చికాకు కూడా పెడుతుంది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఒక శనివారం సాయంత్రం రబ్బరు తిత్తి ఉన్న డ్రాపర్‌ను ఐపీఎం సీసాలో అలాగే వదిలేసి ఇంటికి వెళ్లిపోయాను. సోమవారం వచ్చి చూస్తే ఆ తిత్తి బూరెలా ఉబ్బి ఉంది. నొక్కితే వేలిముద్ర దానిమీద దిగబడి అలాగే ఉండిపోయింది, వేళ్లకు నల్లటి జిగురు అంటుకుంది. సీసాలోని ద్రవమంతా పారబోయవలసి వచ్చింది. సహజ రబ్బరు దీనిలో ఉబ్బి కొంతమేర కరుగుతుంది. పాలిథీన్, నైలాన్ వంటివి కూడా ఉబ్బుతాయి. అందువల్ల దీన్ని గాజు లేదా స్టీలు పాత్రల్లో ఉంచడం మేలు. ఇళ్లలో నూనెలు కలుపుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలని రాస్తున్నాను. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకొని పనిచేసేవారు ఇలాంటి లోషన్ రాసుకున్న వెంటనే వాటిని తొడుక్కోకూడదు.

ఇదే గుణం చర్మం మీద కూడా కొంత పనిచేస్తుంది. చర్మం పైపొరలో కణాల మధ్య కొవ్వు పదార్థాలు ఇటుకల నడుమ సున్నంలా ఉంటాయి, ఐపీఎం వాటి అమరికను కొంచెం సడలిస్తుంది. చర్మం మీద రాసే కొన్ని హార్మోన్ జెల్‌లలో, మందు పట్టీల్లో దీన్ని కావాలనే కలుపుతారు, మందు లోపలికి ఇంకడానికి. కనుక డాక్టరు రాసిచ్చిన స్టిరాయిడ్ క్రీము వాడుతున్నవారు దానిమీద ఇలాంటి లోషన్‌ను వెంటనే పూయకుండా, ఎంత వ్యవధి ఇవ్వాలో ఆ డాక్టరునే అడగడం మంచిది.

సమాధానం: తెల్లకోటు (విశాఖపట్నం)

నేను చర్మవ్యాధుల విభాగంలో వైద్యురాలిని. చూడకుండా రోగనిర్ధారణ చేయడం తగదు కాబట్టి మీ అమ్మాయికి ఇదే జబ్బు అని రాయను. మీరు చూసిన పట్టిక ఎక్కడిది, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చు అన్నది మాత్రం చెబుతాను.

సౌందర్య సాధనాల వల్ల మొటిమలు వస్తాయన్న విషయాన్ని అమెరికాలో ఆల్బర్ట్ క్లిగ్‌మన్, మిల్స్ అనే వైద్యులు 1972లో ప్రచురించిన వ్యాసం వెలుగులోకి తెచ్చింది. పదార్థాలను వారు కుందేలు చెవి లోపలి వైపు పూసి పరీక్షించేవారు. ఆ చోట రోమకూపాలు పెద్దవి, సున్నితమైనవి. రంధ్రం మూసుకుపోయే గుణం ఏమాత్రం ఉన్నా అక్కడ త్వరగా బయటపడుతుంది. ఫుల్టన్ అనే మరో వైద్యుడు 1989లో అదే పద్ధతిలో, వారానికి అయిదు రోజుల చొప్పున రెండు వారాలు పూసి, చాలా పదార్థాలకు 0 నుంచి 5 వరకు మార్కులు వేసి పెద్ద పట్టిక అచ్చువేయించాడు. ఐపీఎంకు 5 వచ్చింది అక్కడే. ఇప్పుడు ఇంటర్నెట్‌లో తిరిగే పట్టికల్లో ఎక్కువ భాగం దానికి నకళ్లే, లేదా నకళ్లకు నకళ్లు. వాటిలో కొబ్బరినూనెకు సాధారణంగా 4 మార్కులు కనిపిస్తాయి. పిల్లలు ఐపీఎం పేరు చూసి ఏడుస్తారు, కొబ్బరినూనెను మాత్రం మొహానికి, తలకి మారుమాట లేకుండా పట్టిస్తారు.

కుందేలు చెవి మనిషి ముఖం కాదని ఆ పరీక్షలు చేసినవారే గ్రహించారు. మిల్స్, క్లిగ్‌మన్ 1982లో మనుషుల వీపు మీద పదార్థాలను పట్టీలతో నెలరోజులు కప్పి ఉంచి పరీక్షించి, మనిషి చర్మం కంటే కుందేలు చెవి చాలా త్వరగా స్పందిస్తుందని చూపారు. 2006లో డ్రేలోస్, డినార్డో అనే పరిశోధకులు, చెడ్డపేరున్న పదార్థాలు కలిసిన ఉత్పత్తులను మనుషుల మీదే పరీక్షించి, అవి కలిసినంత మాత్రాన తయారైన క్రీము రంధ్రాలు మూస్తుందని చెప్పలేమని తేల్చారు. ఐపీఎం భద్రతను పరిశీలించిన అమెరికాలోని కాస్మెటిక్ ఇంగ్రీడియెంట్ రివ్యూ నిపుణుల బృందం కూడా 1982లోనే, అప్పటి వాడుక పద్ధతుల్లో ఇది సురక్షితమని అభిప్రాయపడింది. ఇంత మాత్రాన ఐపీఎంకు క్లీన్ చిట్ ఇచ్చేశానని అనుకోకండి. మొటిమలు సులువుగా వచ్చే వయసులో ఉన్నవారికి, చేతుల కోసం చేసిన లోషన్‌ను రోజంతా ముఖం మీద ఉంచుకోమని నేను ఎన్నడూ చెప్పను. అరచేతుల్లో నూనెగ్రంథులు అసలే ఉండవు. నుదురు, ముక్కు వాటితో నిండి ఉంటాయి. ఒకే సీసా అమ్మమ్మకు మేలు చేసి మనవరాలికి కీడు చేయడంలో వింత ఏమీ లేదు.

అయినా మీ ప్రశ్నలో నన్ను ఆపిన మాట వేరే ఉంది: జుట్టు మొదలయ్యేచోట అని రాశారు. లోషన్ ముఖమంతా రాసుకుంటే పొక్కులు బుగ్గల మీద, గడ్డం మీద కూడా రావాలి. నుదుటి పైభాగంలో, కణతల దగ్గర మాత్రమే వరసగా వస్తే మేము ముందుగా తలనూనె గురించి అడుగుతాం. తలకు రాసే జిడ్డు పదార్థాలు నుదుటికి జారి మొటిమలు తెప్పించడం గురించి 1970లోనే వైద్య పత్రికల్లో వచ్చింది, దానికి పొమేడ్ మొటిమలని పేరు కూడా పెట్టారు. రాత్రి నూనె పెట్టుకొని జడ వేసుకొని పడుకునే ఆడపిల్లలు మా ఓపీకి వారానికి ఎంతమంది వస్తారో లెక్కలేదు. దిండు గలీబు కూడా అడిగి చూస్తాను నేను; పసుపుపచ్చని నూనె మరక ఎటువైపు ఉంటే పొక్కులు అటువైపే ఎక్కువ ఉండడం నా అనుభవంలో మామూలు.

రంధ్రం మూసుకుపోయి ఇలాంటి పొక్కుగా పైకి కనిపించడానికి వారాలు పడుతుంది, కాబట్టి మీరు చెప్పిన మూడు వారాల గడువు లోషన్‌కైనా నూనెకైనా సరిపోతుంది. నాలుగైదు రోజుల్లోనే దురదతో ఎర్రగా లేచి ఉంటే నేను పరిమళం మీద అనుమానపడేదాన్ని. ప్రస్తుతానికి ముఖానికి లోషన్ ఆపేయండి, తలనూనె రాత్రి పెట్టకుండా తలస్నానానికి గంట ముందు మాత్రమే పెట్టండి, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఓపిక పట్టండి. గిల్లనివ్వకండి. అప్పటికీ తగ్గకపోయినా, మధ్యలో చీము పట్టినా దగ్గరలోని చర్మవైద్యులకు చూపించండి.

సమాధానం: లెస్టర్ లో ఉంటున్న అమ్మ (ఇంగ్లండ్)

ఈ చర్చ చదువుతుంటే నాకు తెలిసిన ఐపీఎం గుర్తుకొచ్చింది. ఇక్కడ మా చిన్నదాని బడిలో ఏటా ఒకసారైనా పేల గొడవ వస్తుంది. మొదటిసారి వచ్చినప్పుడు మందుల షాపు ఫార్మసిస్టు ఇచ్చిన ద్రావణం మీద చదివితే, సగం ఐసోప్రొపైల్ మిరిస్టేట్, మిగతా సగం సైక్లోమెథికోన్ అనే సిలికోన్ అని ఉంది, పురుగుమందు చుక్క కూడా లేదు. పేను ఒంటి మీద నీరు ఇగిరిపోకుండా కాపాడే మైనపు పూత ఉంటుందట, దాన్ని ఈ ద్రవం కరిగించేస్తే పేను తన ఒంట్లో నీరు ఆగక ఎండిపోయి చస్తుందని ఫార్మసిస్టు వివరించింది. పొడి జుట్టుకు పట్టించి పది నిమిషాలు ఉంచి, పేల దువ్వెనతో దువ్వి కడిగేయాలి. ఈపులు దీనికి చావవు కాబట్టి వారం తరువాత మళ్లీ చేయాలి. పరీక్షనాళిక గారు చెప్పిన కొవ్వు కరిగించే గుణమే ఇక్కడా పనిచేస్తోందని ఈరోజే అర్థమైంది. ఒక జాగ్రత్త మాత్రం నేను కష్టపడి నేర్చుకున్నాను: స్నానాలగది నేల మీద పడిన నాలుగు చుక్కలను గమనించక జారి మోకాలు పగలగొట్టుకున్నాను. ఆ తల మీద మంట, సిగరెట్టు దగ్గరికి రానివ్వవద్దని కూడా డబ్బా మీద ఉంటుంది.

మళ్లీ అడుగుతున్నాను: పెరటిమందారం (గుంటూరు)

అందరికీ కృతజ్ఞతలు. తెల్లకోటు గారు రాసినది చదవగానే మా అమ్మాయి తలనూనె సీసా తెచ్చి చూశాను. దానిమీద ఐపీఎం పేరు లేదు. లైట్ లిక్విడ్ పారాఫిన్, కొబ్బరినూనె, పరిమళం ఉన్నాయి. రోజూ రాత్రి అమ్మే దాని తలకు పట్టిస్తుంది, ఈ కార్తీకంలో చలికి జుట్టు ఎండిపోతోందని ఇంకాస్త ఎక్కువే పట్టిస్తోందట. దిండు గలీబు కూడా తీసి చూశాను. మరక ఉంది, కానీ రెండు వైపులా ఉంది. లోషన్, రాత్రి నూనె రెండూ ఆపించాను. రెండూ ఒకేసారి ఆపితే దోషం దేనిదో తెలియదు కదా అన్నది నా సందేహం. ఇంకొక చిన్న ప్రశ్న: కొబ్బరినూనె జిడ్డు తగ్గడానికి ఐపీఎం విడిగా కొని ఇంట్లోనే కలుపుకోవచ్చా? మా మరదలు అలా చేస్తానంటోంది.

సమాధానం: తెల్లకోటు (విశాఖపట్నం)

పొక్కులు పూర్తిగా పోయాక ఒక్కొక్కటే మళ్లీ మొదలుపెడితే దోషం దేనిదో తెలుస్తుంది. అయితే మీ స్థానంలో నేనుంటే లోషన్‌ను ముఖానికి మళ్లీ పరీక్షించనే పరీక్షించను, దాని అవసరం అక్కడ లేదు. నూనె విషయం అమ్మమ్మగారితో మాట్లాడడం వైద్యం కంటే కష్టమని నాకు తెలుసు. తలస్నానానికి ముందు పెట్టమంటున్నామే తప్ప మానేయమనడం లేదని చెప్పి చూడండి.

సమాధానం: క్రీముబట్టీ (హైదరాబాద్)

పరీక్షనాళిక గారి దిద్దుబాటు సరైనదే. సీసా చూడగానే శాతం చెప్పేయడం మా వృత్తిలో వారికి ఉన్న దురలవాటు, 3 నుంచి 6 అన్నదాన్ని అంచనాగానే తీసుకోండి.

మీ మరదలు గారి ప్రయోగానికి వస్తే, కలవడానికి అడ్డంకి ఏమీ లేదు. రెండూ నూనెలో కలిసేవే కాబట్టి చెంచాతో తిప్పితే చాలు. కానీ అత్తరు వ్యాపారులకు పలచబరచడానికి అమ్మే సరుకు, పరిశ్రమలకు అమ్మే సరుకు, ఔషధ ప్రమాణాలకు సరిపోయే సరుకు ఒకే పేరుతో దొరుకుతాయి. ఔషధ ప్రమాణంలో ఆమ్ల విలువ (విడిగా మిగిలిన ఆమ్లం కొలత) 1 దాటకూడదు, సపోనిఫికేషన్ విలువ (సబ్బుగా మార్చడానికి పట్టే క్షారం కొలత) 202 నుంచి 212 మధ్య ఉండాలి, పరీక్ష పత్రం అడిగితే అమ్మేవారు చూపించాలి. ఆ పత్రం చూపని చోట కొనవద్దు. కొన్నా ముందు మోచేతి మడతలో రెండు మూడు రోజులు రాసి చూడమనండి, నూటికి పది పాళ్లు మించనివ్వకండి, నుదుటికి తగలకుండా జుట్టు చివర్లకే పరిమితం చేయమనండి. సీసా గాజుది అయి ఉండాలి, మూతలో రబ్బరు డ్రాపర్ మాత్రం వద్దు.

మళ్లీ: పెరటిమందారం (గుంటూరు)

ఆరో వారం నడుస్తోంది కాబట్టి రాస్తున్నాను. పొక్కుల్లో చాలావరకు అణిగాయి, కుడి కణత దగ్గర ఇంకా అయిదారు ఉన్నాయి. లోషన్ సీసాను అమ్మ వంటగది గట్టు మీద గిన్నెల సబ్బు పక్కన పెట్టుకుంది, రోజూ గిన్నెలు తోమాక చేతులు తుడుచుకొని రాసుకుంటోంది. అమ్మాయి ఆ సీసా మీద స్కెచ్ పెన్నుతో అమ్మమ్మ చేతులకు మాత్రమే అని రాసింది; రాసిన రెండో రోజుకే అమ్మ వేళ్లకున్న లోషన్ తగిలి ఆ అక్షరాలు సగం చెరిగిపోయాయి.